జీరో టికెట్

గడియారం సెంటర్ల పాత పేపర్ల దుకాణం ముంగట
కిలో లెక్కన అమ్మే కుప్పల దొరికింది.
అట్ట లేదు. పేరు లేదు. మొదటి పది పేజీలు లేవు.
"పది రూపాయలిచ్చి తీస్కపో బిడ్డా" అన్నడు ముసలాయన,
లేని పేజీలకు పైస తగ్గియ్యకుండ.

ఫిజిక్స్ రికార్డు నడుమ పెట్టుకొని సదువుతుంటి.
అమ్మకు దొరికిన రాత్రి
ఆమె అడిగింది ఏం పుస్తకమని కాదు,
"ఎవడిచ్చిండు?" అని.
కొన్న అంటే నమ్మలే.
చెంప మీద దెబ్బ కన్న
ఆ "ఎవడు" ఎక్కువ మండింది.
అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయను.
అది విన్నంక అమ్మ
సగం తిన్న కంచంల చెయ్యి కడుక్కుంది.

తెల్లారి దేవరకొండ నుంచొచ్చే బస్సుల అమ్మదే డ్యూటీ.
గుర్రంపోడు కాడ ఎక్కిన.
బత్తాయి సంచుల మీద ఒక కాలు, గాలిల ఒక కాలు.
ఖాకీ చొక్కా మీది "కె. అండాలు" పేరుబిళ్ల
నా ముక్కుకు ఆనేంత దగ్గర నిలవడి
"ఆధార్" అన్నది.

నేనెవరో బస్సుల అందరికి ఎరుకే.
పాలక్యాన్ల ఆయనకు గూడ ఎరుకే.
అయినా తీసి చూపిచ్చిన.
కార్డు మీద నా మొఖం, నాయిన పేరు.
నాయిన బీవండిల ఉన్నడో, ఇంకేడ ఉన్నడో,
కార్డు మీద మాత్రం కదలకుండ ఉన్నడు.
అమ్మ పేరు దాని మీద యాడ లేదు.
ఒక్క సెకను ఆగి మిషన్ నొక్కింది.
గుర్రంపోడు నుంచి నల్లగొండ. సున్నా రూపాయలు.

పదకొండు రోజులు మా నడుమ అవే మాటలు.
"ఆధార్."
"ఇగో."

పుస్తకం చింపి పారేసిందనుకున్న.
బియ్యం డబ్బా ఎనుక దొరికింది.
ఇరవై రెండో పేజీల ఒక జీరో టికెట్.
నా గుర్తు తొంభై ఆరుల, విరిగిన పక్కపిన్ను.
తెల్లారి చూస్తే టికెట్ నలభైకొచ్చింది.
మర్నాడు డెబ్బై.
అమ్మకు నైట్ హాల్ట్ పడ్డ నాడు కదలలే,
ఆ రోజు ఇల్లంత ఎట్లనో అనిపిచ్చింది.
ఆమె నన్ను దాటుతదని నూటిరవైకి ఉరికిన.
కారున్న ఆ ఒక్క హీరోనే
తల్లీబిడ్డలం వంతులేసుకొని చూసినం.
కొన్ని పేజీలకు చిల్లర పైసల వాసన.

పన్నెండో నాడు పప్పుకు తాలింపు పెట్టుకుంట
గోడకు చెప్పినట్టు చెప్పింది:
"గా పిల్ల తల్లిని పద్నాలుగో పేజీలనే సంపేసిన్రు."
చెంబు పట్టుకొని నిలవడ్డ.
"తల్లుంటే కథ నడవదేమో" అన్నది.
నవ్విందో, మిరపకాయ ఘాటుకు దగ్గిందో.
నాకైతే నవ్వొచ్చింది.
ఆపుకున్న. ఎందుకాపుకున్ననో.

ఆ తర్వాత టికెట్ నూటెనభై రెండు కాడ ఆగింది.
ఒకరోజు. మూడురోజులు. వారం.
తీసి చూసిన.
ఏడేండ్లకు వాడు వానల తడుసుకుంట తిరిగొస్తడు.
ఆమె తలుపు తీస్తది.
ఒక్క లైన్ల మాఫ్ చేస్తది.
ఆ పేజీ మీద గీత లేదు, మరక లేదు.
టికెట్ మాత్రం నాలుగు మడతలైంది.

నేను ఆఖరుదాకా సదివిన.

మొన్న కనగల్ దాటినంక
నిలవడ్డోళ్ల నడుమ నుంచి ఒత్తుకుంట వచ్చింది.
"ఆధార్."
చూపిచ్చిన. చూడలే.
మిషన్ దిక్కే చూసుకుంట, గొంతు తగ్గిచ్చి
"ఆఖర్ల ఏమైతది?" అన్నది.

పెండ్లైతది. అందరు నవ్వుతరు.
ఫోటో దిగుతరు.

"ఇంకా సదవలే" అన్న.
తలకాయూపింది.
టికెట్ చింపి నా చేతుల పెట్టి
"రాడ్డు పట్టుకో, మలుపున్నది" అన్నది.